బస్సు కోసం ఎదురుచూసే ఆ కాసేపట్లో: చిన్నపిల్లల ఎదుగుదలకు తోడ్పడే నగర స్థలాలు

నగరంలో చిన్నపిల్లలకు చోటెక్కడ అని అడిగితే పార్కులో ఒక మూల చూపిస్తారు. కంచె వేసిన ఆ మూలలో ఒక జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు, ఎక్కి దిగడానికి ఒక ఇనుప చట్రం ఉంటాయి. కాస్త డబ్బున్న చోట మీట నొక్కితే పాట పాడే పెట్టెలు, తాకితే రంగులు మారే తెరలు కూడా వచ్చి చేరుతున్నాయి. కానీ మూడేళ్ల బిడ్డకు రోజంతా ఆ మూలలోనే గడవదు. పెద్దవాళ్ల చేయి పట్టుకుని కాలిబాట మీద నడుస్తూ, బస్టాపులో నిలబడుతూ, ఆసుపత్రి వరండాలోనో దుకాణం వరుసలోనో వంతు కోసం వేచి ఉంటూ గడుస్తుంది. మెదడు అతి వేగంగా ఎదిగే ఏళ్లలో ఇంటి బయటి సమయం చాలావరకు ఇలాంటి చోట్లకే పోతుంది. వాటిని రూపొందించేటప్పుడు మాత్రం పిల్లలు ఎవరికీ గుర్తుకు రారు.

పిల్లల నైపుణ్యాలు పెంచే స్థలమంటే పరికరాలు నింపిన స్థలమే అన్న అభిప్రాయం చాలా ప్రాజెక్టులను పక్కదారి పట్టిస్తోందని నా నమ్మకం. ఒక చోట పిల్లలు తమంతట తాము ఎన్ని నిర్ణయాలు తీసుకోగలుగుతున్నారు? పక్కనున్న పెద్దవాళ్లకూ వాళ్లకూ మధ్య ఎంత మాట నడుస్తోంది? అసలు చూడవలసినవి ఈ రెండే. వీటికి సాయపడే పరికరం ఏదైనా మంచిదే. సాయపడనిది ఎంత ఖరీదు పెట్టి కొన్నా అలంకారంగానే మిగిలిపోతుంది.

ఏ నైపుణ్యాలు, అవి ఎలా అబ్బుతాయి

ఆరేళ్లలోపు పిల్లల నైపుణ్యాలు అనగానే అక్షరాలు, అంకెలు గుర్తుపట్టడమే చాలామందికి తోస్తుంది. నిజానికి ఆ వయసులో పడవలసిన పునాదులు ఇంకా కిందివి. వినడం, అడగడం, జరిగినదాన్ని వరుసగా చెప్పడం ఉన్నాయి. అంకె పేరు రాకముందే ఏది ఎక్కువో ఏది తక్కువో తెలియాలి. పైన, కింద, లోపల, పక్కన, తిరగేసి అన్న స్థలజ్ఞానం ఉంది. పజిళ్లతో ఆడే పిల్లలు, స్థలానికి సంబంధించిన ఇలాంటి మాటలు ఇంట్లో ఎక్కువగా వినే పిల్లలు నాలుగున్నర ఏళ్లకు ఆకారాలను మనసులో తిప్పి చూడడంలో ముందుంటున్నారని షికాగోలో జరిగిన పరిశోధనల్లో తేలింది. శరీరాన్ని అదుపులో ఉంచుకోవడం ఉండనే ఉంది.

అందరూ మరిచిపోయేది మరొకటి ఉంది. తొందరను ఆపుకోవడం, చెప్పిన నియమాన్ని మనసులో నిలుపుకోవడం, నియమం మారితే దానికి తగ్గట్టు మారడం. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ కలిపి కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటారు. బడిలో చేరిన మొదటి ఏడాది బిడ్డకు అక్షరమాల కంటే ఎక్కువగా పనికొచ్చేవి బహుశా ఇవే. వీటిని బల్ల ముందు కూర్చోబెట్టి నేర్పడం దాదాపు అసాధ్యం. ఆటలో మాత్రం వాటంతట అవే అలవడతాయి.

తొలి ఏళ్లలో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త నాడీ సంబంధాలు ఏర్పడతాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బాలవికాస కేంద్రం చెబుతుంది. వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి క్రమంగా తొలగిపోతాయి. ఆ వాడుకలో ముఖ్యమైనది మాటా మాటా కలవడం. బిడ్డ దేనివైపో వేలు చూపుతుంది, పెద్దవాళ్లు దాని పేరు చెబుతారు. బిడ్డ తనకొచ్చినట్టు పలుకుతుంది, పెద్దవాళ్లు దాన్ని సరిగా పలికి ఇంకో మాట జోడిస్తారు. ఇలా ఒకరి నుంచి ఒకరికి సాగే సంభాషణకు తెరలోంచి వచ్చే గొంతు సాటిరాదు. కాబట్టి స్థలాన్ని రూపొందించేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న చాలా సాదాగా ఉంటుంది: ఇక్కడ నిలబడ్డ పెద్దవాళ్లు, బిడ్డ మాట్లాడుకోవడానికి ఏం ఉంది?

ఒక బస్టాపు పక్కన

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరికింది. అక్కడ బెల్మాంట్ పేటలో బస్టాపు పక్కనున్న ఖాళీ జాగాను 2017లో అర్బన్ థింక్‌స్కేప్ పేరుతో కొత్తగా మలిచారు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాథీ హిర్ష్-పాసెక్, రొబెర్టా గోలింకాఫ్, వాస్తుశిల్పి ఇటాయ్ పాల్టీ ఆ పేటవాసులతో కలిసి పనిచేశారు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ప్రసంగించిన చోటు అది. బస్సు కోసం కూర్చునే చోటే పజిళ్లు అమర్చారు. బొమ్మల మీదుగా ఒకదాని నుంచి మరొకదానికి కదులుతూ కథ అల్లుకునే వీలు కల్పించారు. లోహపు పనిలో దాగిన ఆకారాలను వెతికే ఏర్పాటు ఒకటి చేశారు.

వాటిలో గెంతే రాళ్ల సంగతి కాస్త దగ్గరగా చూడదగ్గది. నేల మీద పరిచిన రాళ్లలో కొన్నింటి మీద ఒక పాదం గుర్తు, కొన్నింటి మీద రెండు పాదాల గుర్తులు ఉంటాయి. గుర్తు ఎలా ఉంటే అలా గెంతడం ఎవరికైనా వస్తుంది. పక్కనున్న పలక మాత్రం తిరగేసి ఆడమంటుంది: ఒక పాదం కనబడ్డచోట రెండు కాళ్లతో, రెండు కనబడ్డచోట ఒంటి కాలితో. ఇలా ఆడబోయిన నాలుగేళ్ల బిడ్డ మొదటి రాయి దగ్గరే తడబడుతుంది. కంటికి కనబడిందే చేయాలని కాళ్లు తొందరపెడతాయి. ఆ తొందరను ఆపుకుని, నియమాన్ని గుర్తు తెచ్చుకుని, దాన్ని తిప్పి ఆలోచించి, అప్పుడు గెంతాలి. పైన చెప్పిన మూడు సామర్థ్యాలూ ఒక్క గెంతులో పనిచేస్తాయి. తప్పు గెంతితే నవ్వు తప్ప మరేమీ జరగదు. పక్కనున్న పెద్దమనిషి ‘ఆగు, అక్కడ ఎన్ని పాదాలున్నాయి?’ అని అడగకుండా ఉండలేడు. ఆ ప్రశ్న పుట్టించడమే ఈ రాళ్ల ఉద్దేశం.

ఈ స్థలాన్ని అదే నగరంలోని మామూలు ఆటస్థలంతో పోల్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం అంకెలు, రంగులు, దిక్కులు, ఆకారాలకు సంబంధించిన మాటలు ఈ బస్టాపు పక్కనే ఎక్కువగా వినబడ్డాయి. ఎవరినీ ప్రత్యేకంగా పిలిపించలేదు, పాఠం చెప్పలేదు. బస్సు కోసం ఎలాగూ ఆగే మనుషులే మాట్లాడుకున్నారు. ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇదే. తీరిక లేని తల్లిదండ్రుల నుంచి ఇది అదనపు సమయం అడగదు. ఉన్న సమయాన్నే వాడుకుంటుంది.

అంత ఖర్చు కూడా లేకుండా ఏం చేయవచ్చో చూపించిన ప్రయోగం అంతకుముందే జరిగింది. అదే బృందంలోని పరిశోధకులు సూపర్‌మార్కెట్ అరల దగ్గర పిల్లలతో మాట కలిపేందుకు చిన్న చిన్న ప్రశ్నలు రాసిన పలకలు పెట్టారు. పాల దగ్గర ఆవు గురించి ఒక ప్రశ్న, ఆ కోవలోనే మిగతావి. 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో, ఆదాయం తక్కువగా ఉన్న పేటల దుకాణాల్లో పలకలు ఉన్న రోజుల్లో పెద్దవాళ్లూ పిల్లలూ మాట్లాడుకోవడం స్పష్టంగా పెరిగింది. మధ్యతరగతి పేటలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఈ రెండో సంగతి కూడా మొదటిదంత ముఖ్యమైనదే. ఒకే ఏర్పాటు అన్ని చోట్లా ఒకే ఫలితం ఇవ్వదు. ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడ ఎక్కువ పనిచేస్తుంది. ప్రజాధనం మొదట ఏ పేటలో ఖర్చు పెట్టాలో ఇది తేల్చి చెబుతోంది. చాలాచోట్ల కొత్త ఆటస్థలాలు ఇందుకు విరుద్ధంగా, ఇప్పటికే చెట్లూ పార్కులూ ఉన్న పేటల్లోనే వెలుస్తాయి.

నేల మీద అంకెలు

కాలిబాట మీద అంకెలు గీస్తే పిల్లలకు లెక్కలు వస్తాయా? గీసిన తీరును బట్టి ఉంటుంది. ఈ విషయంలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకుల పని ప్రతి ప్లానరూ తెలుసుకోదగ్గది. వాళ్లు పేద కుటుంబాల పిల్లలతో ఒక బల్లాట ఆడించారు. ఒకే వరుసలో పది గళ్లు, వాటిలో 1 నుంచి 10 వరకు అంకెలు. ముల్లు తిప్పితే ఒకటో రెండో పడుతుంది, అన్ని గళ్లు ముందుకు జరగాలి. జరిగేటప్పుడు ఆ గడిలోని అంకెను పైకి పలకాలి. రెండు వారాల్లో నాలుగు విడతలు, ఒక్కో విడత పదిహేను నిమిషాలు, అంతే. అంకెలను గుర్తుపట్టడం, ఏది పెద్దదో చెప్పడం, గీత మీద అంకె స్థానాన్ని ఊహించడం అన్నీ మెరుగుపడ్డాయి. తొమ్మిది వారాల తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. అంకెలకు బదులు రంగులు వేసిన గళ్లతో ఆడిన పిల్లల్లో ఈ మార్పు కనబడలేదు.

తర్వాత అదే ఆటను రెండు రకాల బల్లల మీద ఆడించారు. ఒకటి తిన్నని వరుస, ఇంకొకటి గుండ్రం. ఎక్కువ లాభం తిన్నని వరుసకే దక్కింది. కారణం ఊహించడం కష్టం కాదు. వరుసలో అంకె పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది, పట్టే సమయం పెరుగుతుంది, పలికిన మాటల సంఖ్య పెరుగుతుంది. ఎక్కువ అన్నది శరీరానికే తెలుస్తుంది. గుండ్రంలో 1, 10 పక్కపక్కన చేరేసరికి ఆ సంగతి చెదిరిపోతుంది.

దీన్ని కాలిబాటకు అన్వయించి చూడండి. అందంగా ఉంటుందని అంకెలను పువ్వు రేకుల్లో, నత్త గుల్లలా మెలితిరిగిన చుట్టల్లో గీస్తారు. ఫొటోకు బాగుంటుంది. బిడ్డకు మాత్రం సమాన దూరంలో, ఒకే దిశలో సాగే గళ్లు కావాలి. ఒక గడి నుంచి ఇంకో గడికి మూడేళ్ల బిడ్డ అడుగు అందాలి. వరుస బస్టాపు స్తంభం దగ్గర మొదలై బెంచి దగ్గర ముగిస్తే, కూర్చున్న పెద్దవాళ్ల వైపు బిడ్డ గెంతుతూ వస్తుంది, వాళ్లే అంకెలు అందిస్తారు. రంగు కొద్ది నెలల్లోనే వెలిసిపోతుంది కాబట్టి గళ్లను రంగు రాళ్లతోనే పరవడం మంచిది. తొక్కుడుబిళ్ల గీతలు గీసుకునే పిల్లలు ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే ఎంతో కాలంగా చేస్తున్నారు. నగరం చేయవలసింది ఆ గీతలకు శాశ్వతమైన చోటు ఇవ్వడం.

ఏమీ చెప్పని ఆటస్థలాలు

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నింటిలో పెద్దల ఉద్దేశం ఒకటి లోపల ఉంది. దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నిలిచే సంప్రదాయం మరొకటి ఉంది. దాన్ని కాదని ఈ విషయం మాట్లాడలేం.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో వాస్తుశిల్పి ఆల్డో వాన్ ఐక్ 1947లో బెర్టెల్మాన్ కూడలిలో ఒక చిన్న ఆటస్థలం కట్టాడు. తర్వాతి మూడు దశాబ్దాల్లో అవి 700 దాటాయి. యుద్ధంలో కూలిన ఇళ్ల జాగాలు, వీధుల మలుపులు, రెండు భవనాల మధ్య మిగిలిన ముక్కలు, ఏదీ వదలలేదు. వాటిలో ఉన్నవి చాలా తక్కువ: వెడల్పైన గట్టు ఉన్న ఇసుక గుంట, కొన్ని కాంక్రీటు దిమ్మెలు, పల్టీలు కొట్టే ఇనుప కమ్మీలు, కమాను ఆకారపు చట్రం. ఏనుగు బొమ్మ లేదు, ఓడ బొమ్మ లేదు. దిమ్మె అంటే కూర్చునేదా, గెంతేదా, దుకాణం బల్లా అన్నది పిల్లల ఇష్టం. ఇసుక గుంట గట్టు వెడల్పుగా ఉండడం వల్ల పిల్లలకు ఇసుక ముద్దలు పేర్చే అరుగు అయ్యేది, పెద్దలకు కూర్చునే చోటయ్యేది. చాలా వాటికి కంచె కూడా లేదు. నగరానికీ ఆటకూ మధ్య గీత గీయకపోవడం ఆయన ఉద్దేశం.

అంతకు నాలుగేళ్ల ముందు, 1943లో, జర్మన్ ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో ఇంకా సాహసమైన ప్రయత్నం జరిగింది. తాను గీసిన చక్కటి ఆటస్థలాల కంటే కట్టుబడి జరిగే చోట్ల చెక్కముక్కలు, ఇటుకల మధ్యే పిల్లలు ఎక్కువ ఆనందంగా ఆడుతున్నారని ల్యాండ్‌స్కేప్ రూపశిల్పి సి. టి. సోరెన్‌సెన్ గమనించాడు. అందుకే తుక్కు సామాను, పనిముట్లు ఇచ్చి, తోడుగా ఒక పెద్దమనిషిని ఉంచిన ఆటస్థలం అక్కడ మొదలైంది. 1971లో బ్రిటన్ కళాకారుడు సైమన్ నికల్సన్ ఈ అనుభవానికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చాడు: కదిలించడానికి, కలపడానికి, మార్చడానికి వీలున్న వస్తువులు ఎంత ఎక్కువ ఉంటే కొత్తది కనిపెట్టే అవకాశం అంత ఎక్కువ.

మరి ఈ రెండు దారుల్లో ఏది సరైనది? పలకలతో దారి చూపే స్థలమా, ఏమీ చెప్పకుండా వదిలేసే స్థలమా? నా ఉద్దేశంలో ఇది చోటును బట్టి తేలవలసిన విషయం. పది నిమిషాలు ఆగి వెళ్లిపోయే బస్టాపులో వెంటనే అందుకునే చిన్న ప్రేరణ కావాలి, పక్కన పెద్దవాళ్లు ఎలాగూ ఉంటారు. రోజూ వచ్చి గంటసేపు ఉండే పేట ఆటస్థలంలో నియమాలున్న ఆట మూడో రోజుకే చప్పబడిపోతుంది, అక్కడ మారుతూ ఉండే సామగ్రి కావాలి. బస్టాపు దగ్గర రెండు చెక్కముక్కలు పడేసి సృజనాత్మకత అనుకోవడం, గంటసేపు ఆడే చోట గోడ నిండా అక్షరాలు రాసి విద్య అనుకోవడం ఒకే రకం పొరపాటు.

మీటలు, తెరలతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే తెలుస్తుంది. మీట నొక్కితే ఒక శబ్దం. మళ్లీ నొక్కితే అదే శబ్దం. బిడ్డ చేయగలిగింది అంతటితో అయిపోతుంది. దీని పక్కన ఒక చేతిపంపు, దాని కింద వాలుగా సాగే కాలువ, మధ్యలో ఎత్తి దించే చిన్న చెక్క తలుపు, చివర ఇసుక ఉన్నాయనుకోండి. ఒకరు పంపు కొట్టాలి. ఇంకొకరు తలుపు దించితే నీరు నిండుతుంది, ఎత్తితే ఒక్కసారిగా దూకుతుంది. మూడోవారు కింద ఇసుకతో కట్ట వేస్తారు, అది తెగుతుంది, మళ్లీ వేస్తారు. ‘ఇంకా వదలకు, నేను చెప్పాక వదులు’ అన్న కేక వినబడుతుంది. ఒకరితో ఒకరు పని పంచుకోవడం, ఆగడం, ఊహించడం, కారణం వెతకడం అన్నీ ఆ తలుపు చుట్టూ జరుగుతాయి. అక్కడ కరెంటుతో పని లేదు. నీటి పొదుపు గురించి ఆందోళన ఉంటే, కొంత నీరు వచ్చాక పంపు కాసేపు ఆగేలా అమర్చవచ్చు. ఆ ఆగడం కూడా ఆటలో భాగమవుతుంది.

ప్రమాదం, సాహసం

పిల్లల స్థలాల విషయంలో అధికారులను అన్నింటికన్నా భయపెట్టేది దెబ్బలు. ఆ భయంతో ఎత్తులు తగ్గించి, అంచులు గుండ్రం చేసి, మెట్లన్నీ ఒకే కొలతలో వేస్తే మిగిలేది విసుగు. నార్వే పరిశోధకురాలు ఎలెన్ శాండ్‌సెటర్ పిల్లలు తమంతట తాము వెతుక్కునే సాహసాలను వర్గీకరించింది. ఎత్తు ఎక్కడం, వేగం, పనిముట్లు, నీరూ నిప్పూ వంటివి, కుస్తీలు, పెద్దల కంటికి కనబడకుండా దూరం వెళ్లడం వాటిలో ఉన్నాయి. వీటిని ఆటస్థలంలో దొరకకుండా చేస్తే పిల్లలు రోడ్డు మీదో గోడ మీదో వెతుక్కుంటారు.

తేడా గుర్తుపట్టవలసింది బిడ్డ కంటికి కనబడే సాహసానికీ, కనబడని ప్రమాదానికీ మధ్య. దిమ్మె ఎంత ఎత్తుందో బిడ్డకు తెలుస్తుంది, భయమేస్తే దిగిపోతుంది. కమ్మీల మధ్య సందు సంగతి అలా తెలియదు. ఐరోపా ప్రమాణాల ప్రకారం ఆట పరికరాల్లో దాదాపు 9 సెంటీమీటర్ల నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉండే సందులు ప్రాణాంతకం. చిన్నబిడ్డ కాళ్లు, ఒళ్లు అందులోంచి జారిపోతాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది. సందు అంతకన్నా ఇరుకుగానో వెడల్పుగానో ఉండాలి. అవే ప్రమాణాలు మూడు మీటర్లకు మించి పడే ఎత్తును ఒప్పుకోవు, ఎత్తును బట్టి కింద ఎంత మెత్తటి నేల ఉండాలో చెబుతాయి. ఎండలో కాలే లోహపు జారుడుబల్ల, సీసం కలిసిన రంగు కూడా కనబడని ప్రమాదాలే. వీటి విషయంలో రాజీ కుదరదు. మిగతా చోట ధైర్యంగా వదలాలి.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో పిల్లలకే గెంతే దిమ్మెలు ఇచ్చి మీకు నచ్చినట్టు పేర్చుకోండి అన్నారు. రూపశిల్పులు సాధారణంగా అన్నీ సమాన దూరంలో పెడతారు. పిల్లలు పెట్టుకున్న దూరాలు సమానంగా లేవు. కొన్ని సులువు, కొన్ని కష్టం. అంకెల గళ్లకు సమాన దూరం అవసరమని పైన చెప్పాను, అక్కడ లక్ష్యం లెక్క. ఇక్కడ లక్ష్యం తన కాలు ఎంత దూరం వెళ్తుందో తాను అంచనా వేసుకోవడం. కాబట్టి ఏ కొలత అయినా ఏ నైపుణ్యం కోసమో తేల్చుకున్నాకే వేయాలి.

అక్కడిదాకా వెళ్లే దారి

ఇంత చక్కగా కట్టిన చోటు రోడ్డుకు అవతల ఉంటే? నగర ప్రణాళికల్లో ఎక్కువగా తప్పిపోయేది ఇదే. పసిపిల్లల కోసం పనిచేసే బెర్నార్డ్ వాన్ లీర్ ఫౌండేషన్ నగరాలను బిడ్డ ఎత్తు నుంచి చూడమంటూ 2016లో మొదలుపెట్టిన అర్బన్95 కార్యక్రమం పేరులోని అంకె ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ల బిడ్డ సగటు ఎత్తు: 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో నిలబడితే ఆగి ఉన్న కారు గోడలా కనబడుతుంది. దాని అవతల ఏం వస్తోందో బిడ్డకు తెలియదు, బిడ్డ ఉందని డ్రైవరుకూ తెలియదు. పెద్దల ముక్కు కంటే బిడ్డ ముక్కే వాహనాల పొగ గొట్టాలకు దగ్గర. బ్రిటన్‌లో జాన్ వాన్ బృందం చేసిన ప్రయోగాల్లో ప్రాథమిక పాఠశాల పిల్లలు కూడా గంటకు దాదాపు 32 కిలోమీటర్లు మించిన వేగంతో వచ్చే వాహనాన్ని నమ్మకంగా పసిగట్టలేకపోయారు. జాగ్రత్తగా చూసి దాటమని చెబితే సరిపోదని దీని అర్థం, చూసినా వాళ్లకు తెలియదు. పిల్లలు నడిచే వీధిలో వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. కూడళ్ల దగ్గర వాహనాలు నిలపనివ్వకపోతే చూపుకు అడ్డు తొలగుతుంది, అది దాదాపు ఖర్చు లేని పని.

వాహనాల రద్దీకి సంభాషణతో కూడా సంబంధం ఉంది. నగర రూపకల్పన పరిశోధకుడు డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను పోల్చి చూశాడు. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధివాసులకు, 16,000 తిరిగే వీధివాసులతో పోలిస్తే అదే వీధిలో స్నేహితులు మూడు రెట్లు ఉన్నారు. గుమ్మం ముందు నిలబడి మాట్లాడుకునే పెద్దలు లేని వీధిలో పిల్లలకు పలకరింపులూ ఉండవు, కనిపెట్టి చూసే కళ్లూ ఉండవు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ నగరవాసులు మొదలుపెట్టి, 1976లో చట్టబద్ధమైన ‘వోనెర్ఫ్’ వీధుల్లో వాహనం మనిషి నడక వేగంతోనే వెళ్లాలి. వీధి మొత్తం ఆటస్థలమవుతుంది. విడిగా స్థలం వెతకడం, కొనడం అన్న సమస్యే ఉండదు.

పెద్దవాళ్లు ఎంతసేపు ఉంటారు

చిన్నబిడ్డ ఒక చోట ఎంతసేపు ఆడుతుందో నిర్ణయించేది బిడ్డ కాదు. వెంట వచ్చినవాళ్లు. వాళ్లకు నీడ లేకపోతే, నడుము ఆనించే బెంచి లేకపోతే, దగ్గరలో మరుగుదొడ్డి, తాగునీరు లేకపోతే పావుగంటలో లేచిపోతారు. పాలిచ్చే తల్లికి కాస్త మరుగు కావాలి. అమ్మమ్మకో తాతయ్యకో చేతులు ఆనించి లేవగలిగే ఆసరా కావాలి. బెంచీలను ఆటకు దూరంగా, గోడవారగా వేయడం అన్నిచోట్లా కనబడే అలవాటు. మాట వినబడేంత దగ్గరలో, ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేలా వేస్తే పిల్లలతోనూ, తోటి తల్లిదండ్రులతోనూ మాట కలుస్తుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అన్ని గంటల ఆటకు కాపలా ఉండే మనిషి సౌకర్యం చూడకుండా ఆ సూచన అమలు కాదు.

వైకల్యమున్న పిల్లలకు దారి వేయడమంటే చక్రాల కుర్చీకి వాలు కట్టి వదిలేయడం కాదు. వాలు ఎక్కాక అక్కడ వాళ్ల చేతికి అందేది ఏదైనా ఉండాలి: కుర్చీ కిందికి దూరే ఎత్తైన ఇసుక బల్ల, వేళ్లతో తడిమి తెలుసుకునే గోడ. హడావిడి భరించలేని పిల్లలు కాసేపు తప్పుకునే గూడు లాంటి మూల ఒకటి ఉండాలి. ఆ మూల మిగతా పిల్లలకూ ఇష్టమైన చోటు అవుతుంది.

మట్టి విషయం ఒక్క మాటలో తేల్చడానికి లేదు కానీ ఒక ఫలితం చెప్పి తీరాలి. ఫిన్లండ్‌లో శిశు సంరక్షణ కేంద్రాల కంకర ఆవరణల్లో అడవి నేల పొరలు, పచ్చిక పరిచి, మొక్కలు పెంచే పెట్టెలు పెట్టారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు రోజూ వాటిలో ఆడారు. 28 రోజుల్లోనే వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థ సమతుల్యతను సూచించే మార్పులు కనబడ్డాయని 2020లో ప్రచురించారు. నేలంతా రబ్బరు పలకలతో కప్పేసి శుభ్రంగా ఉంది అనుకునేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. పడే చోట మెత్తటి పొర తప్పదు. మిగతా నేలను మట్టికీ గడ్డికీ వదలవచ్చు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ప్రారంభోత్సవం అయ్యాక చాలా స్థలాలను ఎవరూ తిరిగి చూడరు. ఎన్ని పరికరాలు అమర్చారు, ఎంత ఖర్చయింది అన్నదే నివేదికలో ఉంటుంది. చూడవలసింది వేరే. స్థలం కట్టకముందు ఒక వారం, కట్టిన తర్వాత ఒక వారం, ఒకే వేళల్లో ఒక మనిషి కాగితం పట్టుకుని కూర్చుంటే చాలు. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు, వెంట వచ్చినవాళ్లు ఎన్నిసార్లు మాట కలిపారు, ఫోను చూస్తూ ఎంతసేపు గడిపారు, ఏ వస్తువును ఎవరూ ముట్టుకోలేదు, దేన్ని అనుకోని తీరులో వాడారు అన్నవి రాసుకోవాలి. ఎవరి ముఖాలూ చిత్రీకరించనక్కర్లేదు, ఎవరి పేర్లూ అడగనక్కర్లేదు. నాలుగేళ్ల పిల్లలను కూర్చోబెట్టి అభిప్రాయం అడిగితే పెద్దగా ఏమీ రాదు. నీకిష్టమైన చోటు చూపించు అని వాళ్ల చేయి పట్టుకుని నడిస్తే ఎంతో తెలుస్తుంది. చాలాసార్లు వాళ్లు చూపించేది పరికరం కాదు. కాలువ పక్క గట్టో, మెట్టు కింది ఖాళీయో అవుతుంది.

ఇలా రాసుకున్నదాన్ని బట్టి మార్పులు చేయడానికి మొదటి బడ్జెట్‌లోనే కొంత పక్కన పెట్టాలి. ముట్టుకోని పలకను తీసేయాలి, పిల్లలు గుమిగూడే గట్టును ఇంకాస్త పొడిగించాలి. ఇసుకను క్రమం తప్పకుండా జల్లించే మనిషి, విరిగిన కమ్మీని వారంలోగా మార్చే ఏర్పాటు, పంపు చెడితే ఫోను చేయవలసిన నంబరు రాసిన పలక కూడా ఆ లెక్కలోకే రావాలి. ఎమ్‌డ్రుప్ ఆటస్థలంలో మొదటి రోజు నుంచే జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండేవారు. కొత్త స్థలాల అంచనా పత్రాల్లో మొట్టమొదట కోత పడేది ఆ ఉద్యోగానికే. సరిపడా డబ్బు లేనప్పుడు ఒక పరికరం తగ్గించుకుని ఆ మనిషిని ఉంచుకోవడం మేలు.